సరంజామా సిద్ధంగా ఉన్నదా?



ఈ రోజు ఒక మాటను గురించి మాట్లాడుకుందాం. పంట గురించిగాని, ఎరువు గురించిగాని కాకుండా ఒక మాట గురించి ప్రసంగమేమిటని మీకు అనిపించవచ్చు. ఆ మాట మన పొలం గట్టుమీద పుట్టి పెరిగినంత పనిచేసింది. ఇప్పుడు పెద్దవాళ్ళ నోటనే ఎక్కువగా వినబడుతున్నది. కుర్రవాళ్ళు వేళాకోళానికి తప్ప వాడడం లేదు. ఆ మాట 'సరంజామా'.

"వంట సరంజామా వచ్చిందా?" అని పెళ్ళివారింట్లో అడుగుతారు. "బండి సరంజామా అంతా చూసుకున్నావా?" అని పూర్వం ఊరికి బయలుదేరే ముందు ఇంటి పెద్ద పాలేరును అడిగేవాడు. ఈ రెండు ప్రశ్నల్లోనూ ఒకే అర్థం ఉన్నది. వంట సరంజామా అంటే వట్టి గుండిగలు కావు. గుండిగ, మూత, గరిటె, పొయ్యిరాళ్ళు, కట్టెలు, నీళ్ళ బిందెలు, చివరకు అగ్గిపెట్టె కూడా అందులోకే వస్తుంది. అగ్గిపెట్టె ఒక్కటి లేకపోతే మిగిలినవన్నీ ఉండీ అన్నం ఉడకదు. అలాగే బండి సరంజామా అంటే వట్టి బండి కాదు. బండి కదలడానికీ, క్షేమంగా ఊరు చేరడానికీ కావలసినదంతా ఆ ఒక్క మాటలో ఇమిడి ఉన్నది.

ఈ మాట మనకు పారశీకం నుంచి వచ్చింది. ఆ భాషలో 'సర్' అంటే తల, 'అంజామ్' అంటే ముగింపు. రెండూ కలిసి పనిని చివరంటా నెరవేర్చడం, అందుకు చేసే ఏర్పాటు, అందుకు కావలసిన సామగ్రి అనే అర్థాలు ఏర్పడ్డాయి. దక్కనులో శతాబ్దాల తరబడి కచేరీ వ్యవహారం పారశీకంలో నడిచింది కనుక రశీదు, తహసీలు, జమాబంది వంటి మాటలతోపాటు ఇదీ మన ఊళ్ళలోకి వచ్చి నిలిచిపోయింది. మన పొరుగు మరాఠా రాజ్యంలో 18వ శతాబ్దంలో దీనికి మరో అర్థం కూడా ఉండేది. గుర్రాలనూ, రౌతులనూ, ఆయుధాలనూ ఎప్పుడూ సిద్ధంగా ఉంచడానికి ఒక సర్దారుకు కొన్ని గ్రామాల శిస్తు అప్పగిస్తే, ఆ ఏర్పాటును 'సరంజాం' అనేవారు. గుర్రం ఉండి జీను లేకపోయినా, జీను ఉండి మేత లేకపోయినా ఆ సర్దారు యుద్ధానికి పనికిరాడు. అందుకే శిస్తు మొత్తం ఆ సిద్ధపాటుకోసమే ఇచ్చారు.

ఇంగ్లీషువారికి కూడా ఇటువంటి పాత మాట ఒకటి ఉన్నది. 'ఎక్విపేజి' అంటారు. ఓడను ప్రయాణానికి సిద్ధం చేయడమనే అర్థంలోంచి ఆ మాట బయలుదేరింది. తరువాత సైన్యపు సామానుకు వచ్చింది. ఆపైన దొరల సవారీ బండి, దానికి కట్టిన గుర్రాలు, తోలేవాడు, వెంట నడిచే నౌకర్లు, అన్నిటినీ కలిపి ఆ మాటతోనే పిలిచారు. గుర్రపు బండ్లు పోయాక వారికీ ఆ మాట పాతదైపోయింది. దేశం వేరైనా, భాష వేరైనా, బండి కట్టే మనిషి ఆలోచన ఒకటేనని దీనివల్ల తెలుస్తున్నది. బండినీ, పశువునూ, తాళ్ళనూ, తోలే మనిషినీ వేరువేరుగా చూడకుండా ఒక్కటిగా చూడడమే ఆ ఆలోచన.

అయితే ఈ ఆలోచన మనం బయటినుంచి తెచ్చుకున్నదేనా? కాదు. మన తెలుగులో అంతకంటె పాత మాట ఒకటి ఉన్నది. అది 'ఏరు'. ఊరి పక్కన పారే ఏరు గురించి నేను చెప్పడం లేదు. ఏరువాకలో ఉన్న ఏరు గురించి చెబుతున్నాను. నాగలి ఒక్కటి చూరుకింద ఆనించి ఉంటే అది నాగలి. దానికి కాడి అమర్చి, ఎడ్లను కట్టి, దున్నడానికి సిద్ధం చేస్తే అది ఏరు. జ్యేష్ఠ పున్నమినాడు మనం ఏరువాక సాగుతున్నాం. ఆ రోజు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు వేసి, కాడికీ నాగలికీ పసుపు కుంకుమ పెడతాం. పండుగే గాని, అందులో ఒక తనిఖీ కూడా ఉన్నది. కడిగేటప్పుడు ఎద్దు మెడమీద పుండు ఉంటే కంటబడుతుంది. పసుపు రాసేటప్పుడు కాడిలో పగులు ఉంటే చేతికి తగులుతుంది. ఆ పున్నమి తొలకరి ముంగిట వస్తుంది కనుక మరమ్మతుకు వ్యవధి దొరుకుతుంది.

ఇక బండి సరంజామాను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి చూద్దాం. ఈ మాటలు తెలిసినవారు మరోసారి గుర్తు చేసుకోండి. తెలియని పిల్లలకు చెప్పండి.

మొదట చక్రం. నడుమ కుండ, కుండలో గుచ్చిన ఆకులు, ఆకుల చివర పూటీలు, పూటీల చుట్టూ ఇనుప పట్టా. పట్టాను చక్రం చుట్టుకొలతకంటె కొంచెం తక్కువగా చేస్తారు. పిడకల మంటలో కాలిస్తే ఇనుము సాగుతుంది. ఎర్రగా ఉన్నప్పుడే చక్రానికి తొడిగి నీళ్ళు పోస్తే ముడుచుకుని పూటీలనూ ఆకులనూ కుండనూ ఒక్క పట్టున బిగిస్తుంది. ఎండాకాలంలో కర్ర ఎండి కుదించుకుపోతే ఈ పట్టు సడలుతుంది. చక్రాన్ని చెరువులో నానబెడితే కర్ర ఉబ్బి తాత్కాలికంగా బిగుస్తుంది. అది ఒకటి రెండు ప్రయాణాలకు సరిపోతుందేగాని మరమ్మతు కాదు. పట్టా కదులుతున్న చప్పుడు వినబడితే వడ్రంగినీ కమ్మరినీ పిలవాలి.

తరువాత ఇరుసు. ఇరుసు చివర చక్రం ఊడిపోకుండా గుచ్చేది కడచీల. దీనికి కొన్ని ఊళ్ళలో సీల అనే పేరే ఉన్నది. బరువుతో పోతున్న బండికి ప్రాణం ఈ జానెడైనా లేని ముక్కలోనే ఉన్నది. ఆ తరువాత కందెన. గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి పూర్వం కందెన చేసేవారు. ఇప్పుడు గ్రీజు వచ్చింది. ఏదైనా సరే, కందెన లేని ఇరుసు కీచుమంటుంది. ఆ చప్పుడుకు అర్థం ఎద్దు కష్టంలో కొంత ఊరికే పోతున్నదనీ, ఇరుసూ కుండా ఒకదాన్నొకటి తినేస్తున్నాయనీ. టైరు బండికి బేరింగులలో గ్రీజు ఉండాలి, రెండు టైర్లలోనూ గాలి సమానంగా ఉండాలి. ఒకవైపు గాలి తక్కువైతే బండి ఆ వైపుకే లాగుతుంది. దాన్ని దారిలో పెట్టడానికి ఎడ్లు అదనంగా శ్రమపడతాయి.

తరువాత నొగలు, కాడి, పలుపులు, పగ్గాలు, ముకుతాడు. ఇక్కడినుంచి సరంజామా పశువు ఒంటిని తాకుతుంది కనుక మరింత జాగ్రత్త కావాలి. బరువు ఎక్కించేటప్పుడు ఇరుసుకు ముందూ వెనకా సరితూగేటట్లు సర్దాలి. ముందు బరువెక్కువైతే కాడి ఎడ్ల మెడలను అణచివేస్తుంది. వెనక బరువెక్కువైతే కాడి పైకి లేచి పలుపు గొంతును నొక్కుతుంది. బరువు ఎక్కించాక కాడిని చేత్తో ఎత్తి చూడండి. కొద్ది బరువుతో చేతికి నిలిచిందంటే సమంగా ఉన్నట్లు.

కాడి గరుకుగా ఉన్నా, పగుళ్ళు బారినా, జత ఎడ్లు ఎత్తులో సమానం కాకపోయినా, వానకు తడిసిన మెడమీద అలాగే లాగించినా కాడిపుండు పడుతుంది. పుండు మానేదాకా ఆ ఎద్దుకు విశ్రాంతి ఇవ్వాలి. గుడ్డ చుట్టి పని చేయిస్తే పుండు లోపలికి దిగుతుంది, ఈగలు ముసిరి పురుగు పడుతుంది. వెంటనే పశువైద్యుడికి చూపించండి. జతలో ఒక ఎద్దు బలహీనంగా ఉంటే నాగలి కట్టే చోటును కాడి నడుమనుంచి కొంచెం బలమైన ఎద్దు వైపుకు జరపాలి. అప్పుడు లాగుడు బరువులో ఎక్కువ వాటా బలమైనదానిమీద పడుతుంది. ఇది మన పెద్దలు అనుభవంతో తెలుసుకున్న లెక్క. తూకం వేసే కాటా కూడా ఈ సూత్రం మీదనే పనిచేస్తుంది.

ములుగర్ర సంగతి కూడా చెప్పాలి. ఒకప్పుడు అదీ బండి సరంజామాలో భాగమే. కాని, బండి లాగే పశువుల రక్షణకోసం కేంద్ర ప్రభుత్వం 1965లో చేసిన నిబంధనల ప్రకారం ములుకు ఉన్న కర్రతో పశువును పొడవడం నిషేధం. ఆ నిబంధనలే మరికొన్ని హద్దులు కూడా పెట్టినవి. రోజు మొత్తంమీద 9 గంటలకు మించి పశువు చేత బండి లాగించరాదు. విరామం ఇవ్వకుండా వరుసగా 5 గంటలకు మించరాదు. వేడి 37 డిగ్రీల సెంటిగ్రేడు దాటే చోట్ల మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు పశువును బండికి కట్టరాదు. కనుక ఇప్పటి బండి సరంజామాలో ములుగర్ర స్థానంలో ఒక నీళ్ళ బాల్చీని చేర్చుకోండి.

చివరగా దీపం. పూర్వం బండి కింద లాంతరు వేలాడదీసేవారు. ఇప్పుడు రోడ్డుమీద లారీలూ కార్లూ ఎంత వేగంగా పోతున్నాయో మీకు తెలుసు. బండి వెనక ఎర్రగా మెరిసే బిళ్ళలు అతికించండి. లాంతరు చేసిన పనినే ఆ బిళ్ళలు చేస్తాయి. దీపాన్ని మోజుకోసం పెట్టే అలంకారంగా చూడకండి. అదీ సరంజామాలో ఒక వస్తువే.

ఇక విత్తనం సంగతికి వద్దాం. సేద్యంలో అదును, పదును అని రెండు మాటలున్నాయి. అదును అంటే తగిన కాలం, పదును అంటే నేలలో తగిన తడి. మెట్ట పొలంలో ఈ రెండూ కలిసి ఉండేది కొద్ది రోజులే. సరంజామా సిద్ధంగా లేనివాడు నష్టపోయేది ఆ కొద్ది రోజుల్లోనే. గొర్రును తీసుకోండి. దాని సరంజామా ఏమిటి? గొర్రు పళ్ళు, కర్రులు, విత్తనం పోసే జడ్డిగం, జడ్డిగం నుంచి పళ్ళకు దిగే గొట్టాలు, వాటిని కట్టే తాళ్ళు. నాలుగు గొట్టాలలో ఒకదానిలో పురుగు గూడు పెట్టి ఉన్నదనుకోండి. విత్తేటప్పుడు ఆ సంగతి ఎవరికీ తెలియదు. వారం రోజుల తరువాత మొలక వచ్చినప్పుడు ప్రతి నాలుగో సాలూ ఖాళీగా కనబడుతుంది. అప్పటికి పదును ఆరిపోయి ఉంటుంది. మళ్ళీ విత్తాలంటే మరో వాన రావాలి. కూలీ, విత్తనం, కాలం, మూడూ పోతాయి.

దీనికి మందు తేలిక. విత్తడానికి ముందురోజు గట్టి నేలమీద, ఇంటి ముంగిట్లోనైనా సరే, గొర్రును పది అడుగుల దూరం నడిపించి ప్రతి గొట్టంనుంచీ గింజ సమంగా రాలుతున్నదో లేదో కళ్ళతో చూడండి. ట్రాక్టరుతో నడిచే విత్తన గొర్రుకూ ఇదే పరీక్ష.

ట్రాక్టరు వచ్చింది కనుక సరంజామా అవసరం తీరిందని కొందరు అనుకుంటున్నారు. నిజానికి అవసరం పెరిగింది. ఎద్దుకు ప్రాణమున్నది. బండి వెనక ఏదో తప్పు జరిగితే ఆగుతుంది, తల విదిలిస్తుంది, కదలనని మొరాయిస్తుంది. ఇంజనుకు ఆ తెలివి లేదు. అందువల్ల చూడవలసిన భారమంతా మనిషిదే.

ట్రాక్టరు వెనక పనిముట్టును తగిలించే చోట ఒక పిన్ను, ఆ పిన్ను ఊడకుండా ఒక చిన్న చీల ఉంటాయి. మెకానిక్కులు ఆ చీలను 'లించి పిన్ను' అంటారు. ఇంగ్లీషులో ఆ పేరు పుట్టింది బండి ఇరుసు చివర గుచ్చే చీలకే. అంటే మన కడచీలే పేరు మార్చుకుని ట్రాక్టరు ఎక్కింది. అది పోయినప్పుడు చాలామంది ఒక మేకునో, తీగ ముక్కనో దూర్చి పని కానిస్తున్నారు. మేకు తెగితే ట్రాలీ విడిపోతుంది. ధాన్యం బస్తాలతో, వాటిమీద కూర్చున్న కూలీలతో విడిపోతుంది. బస్తాలమీద మనుషులను ఎక్కించడమే మొదటి తప్పు. ట్రాలీ సరుకుకేగాని మనుషులకు కాదు. అసలైన పిన్ను, దాని చీల, అదనంగా ఒక భద్రతా గొలుసు ఉంటేనే ట్రాలీ సరంజామా పూర్తి అయినట్లు.

లాగవలసిన బరువును ట్రాక్టరు వెనక కింద ఉన్న కొక్కానికే కట్టండి. వెనక ఇరుసుకంటె ఎత్తులో కడితే బరువు కదలనప్పుడు ముందు చక్రాలు పైకి లేచి ట్రాక్టరు వెనక్కి తిరగబడుతుంది. అది క్షణంలో జరిగిపోతుంది, దూకడానికి కూడా వ్యవధి ఉండదు. రోడ్డెక్కేముందు కుడి ఎడమ బ్రేకు తొక్కుళ్ళు రెండింటినీ కలిపే కొక్కెం వేయడం మరువకండి. ఒక్క బ్రేకే పడితే వేగంలో ఉన్న ట్రాక్టరు పక్కకు తిరిగి బోల్తా పడుతుంది.

రోటావేటరుకూ, నూర్పిడి యంత్రానికీ శక్తినిచ్చే తిరుగుడు కడ్డీ మామూలుగా నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 9 చుట్లు. దానిమీద ఒక తొడుగు ఉంటుంది. అడ్డంగా ఉన్నదని దాన్ని తీసి పారేసినవారిని చాలా ఊళ్ళలో చూస్తాం. చీర కొంగుగాని, పంచె చెంగుగాని, తువ్వాలుగాని ఆ కడ్డీకి అందితే మనిషి చెయ్యి వెనక్కి తీసుకునేలోపల చుట్టేస్తుంది. తొడుగు లేని యంత్రాన్ని "సరంజామా చాలలేదు" అని ఆపివేయండి. ఆ మాట అనడానికి యజమానికీ హక్కున్నది, కూలీకీ హక్కున్నది.

మందు కొట్టే పంపు విషయం కూడా ఇంతే. పంపు, గొట్టం, నాజిలు ఉంటే సరిపోదు. చేతి తొడుగులు, ముక్కుకూ నోటికీ అడ్డం కట్టుకునేది, నిండు చేతుల చొక్కా, దగ్గరలో సబ్బు, ఒక బిందెడు మంచినీళ్ళు, ఇవన్నీ ఉంటేనే మందు కొట్టే సరంజామా అవుతుంది. మూసుకుపోయిన నాజిలును నోటితో ఊదకండి. పాత పళ్ళుతోమే బ్రష్షు ఒకటి వెంట ఉంచుకోండి.

ఇప్పుడు చాలామంది యంత్రాలను అద్దెకు తెచ్చుకుంటున్నారు. బేరమాడేటప్పుడు "గంటకు ఎంత?" అని మాత్రమే అడుగుతున్నారు. "సరంజామాతో సహా ఎంత?" అని అడగండి. ఆ ఒక్క మాటతో పిన్నులు, గొలుసు, తొడుగు, తోలేవాడు, నూనె ఎవరివి అనే ప్రశ్నలన్నీ ముందే తేలిపోతాయి. పొలంలో సగం పని అయ్యాక బోల్టు విరిగితే అది ఎవరు కొనాలనే తగవు రాదు. పాత మాటను వదలకుండా ఉంటే ఇటువంటి లాభం ఉన్నది.

విస్తరణ సిబ్బందికి కూడా ఒక మనవి. మనం చదువుకున్న పుస్తకాలలో 'ఉపకరణాలు', 'పరికరాలు' అని ఉంటుంది. ఊళ్ళో పనిముట్టు అంటారు, పాతకాలపువారు కొరముట్టు అంటారు. ఒక్కొక్క భాగానికి జిల్లా జిల్లాకూ పేరు మారుతుంది. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటాన్ని వెలువరించింది. ఆ సంపుటం పూర్తిగా వ్యవసాయ పదాలకే కేటాయించారు. రైతుల నోటినుంచి సేకరించిన మాటలు అందులో ఉన్నాయి. పండితులు అంత శ్రమపడి ఎందుకు సేకరించారు? పేరున్న వస్తువునే మనిషి వెతుకుతాడు. పేరు మరచిపోయిన భాగం పోయినా ఎవరికీ తెలియదు. కనుక కొత్త ఊరికి వెళ్ళినప్పుడు అక్కడి వడ్రంగినీ, కమ్మరినీ, ట్రాక్టరు మరమ్మతు చేసే కుర్రవాణ్ణీ అడిగి ఆ ఊరి పేర్లతోనే సరంజామా జాబితా రాసుకోండి. ఆ పేర్లతో చెప్పినప్పుడు మీ సలహా రైతుకు సులభంగా ఎక్కుతుంది.

రైతు సోదరులారా, ఈ వారంలోనే ఒక పూట కేటాయించుకోండి. కొట్టంలో ఉన్నదంతా ముంగిట్లోకి తీసి పరచండి. ప్రతి పనికీ ఒక కుప్ప పెట్టండి: దున్నకం కుప్ప, విత్తనం కుప్ప, మందు కొట్టే కుప్ప, బండిగాని ట్రాలీగాని అయితే దాని కుప్ప. ఇంట్లో ఆడవారినీ పిల్లలనూ పిలవండి. విత్తనం దాచేదీ, తాళ్ళు పేనేదీ, ఏ వస్తువు ఎక్కడున్నదో గుర్తున్నదీ చాలా ఇళ్ళలో ఆడవారికే. పిల్లలచేత పేర్లు చదివిస్తూ కాగితంమీద రాయించండి. లేనిదాని ఎదుట గీత పెట్టించండి. ఆ గీతలున్న వస్తువులను వచ్చే సంతలో కొనండి. విరిగినవాటిని వానలకు ముందే కమ్మరి కొలిమికి చేర్చండి. తొలివాన పడిన మర్నాడు ఊరందరూ ఒక్కసారే కొలిమి దగ్గరకు వస్తారు, మీ వంతు వచ్చేసరికి పదును ఆరిపోతుంది.

ఆ కాగితాన్ని కొట్టం తలుపు లోపలివైపు అతికించండి. పైన పెద్ద అక్షరాలతో 'సరంజామా' అని రాయించండి. పనికి బయలుదేరే ప్రతిసారీ దాన్ని ఒకసారి చూసి, అన్నీ ఉన్నాయంటేనే కదలండి.

మీ పశువులూ, మీ పనివారూ, మీరూ క్షేమంగా ఉండాలనీ, అదను తప్పకుండా విత్తి నిండుగా పండించుకోవాలనీ కోరుతున్నాను.